పాఠం 14: పొగాకు, ఆరోగ్యం, చట్టం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పొగాకు పొగలో ఉండే ముఖ్యమైన పదార్థాలను, అవి శరీరంలో చేసే పనిని వివరించగలుగుతారు;
• బీడీ, చుట్ట, గుడాఖు వంటివి సిగరెట్టు కంటే తక్కువ ప్రమాదకరమైనవనే నమ్మకంలో నిజమెంతో చెప్పగలుగుతారు;
• మనదేశంలో పొగాకు నియంత్రణ చట్టం ఎలా రూపొందిందో, అందులోని ముఖ్యాంశాలు ఏమిటో తెలుపగలుగుతారు;
• పొగ మానాలనుకునే వ్యక్తికి సహాయపడగలుగుతారు.

14.1 ఉదాహరణగా ఒక ఊరు

ఈ పాఠానికి ఉదాహరణగా భిలాయి పట్టణాన్ని తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగింది. అప్పటి సోవియట్ యూనియన్ సహాయంతో కర్మాగారాన్ని నిర్మించడానికి 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959లో నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని కోసం దేశం నలుమూలల నుండి జనం వచ్చారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. తాతలు కొలిమి దగ్గర పనిచేస్తే, మనవలు అక్కడే పుట్టి, ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడుతూ పెరిగిన కుటుంబాలు నేడు అక్కడ ఎన్నో కనిపిస్తాయి.

భిలాయినే ఎందుకు తీసుకున్నాం? రెండు కారణాలున్నాయి. మొదటిది, ఛత్తీస్‌గఢ్‌లో పొగాకు వాడకం చాలా ఎక్కువ. 2009-10లో జరిగిన జాతీయ స్థాయి సర్వే ప్రకారం ఆ రాష్ట్రంలోని పెద్దవారిలో 53.2 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17 సర్వే నాటికి అది 39.1 శాతానికి తగ్గింది. అదే సంవత్సరాలలో దేశం మొత్తం మీద ఈ సంఖ్య 34.6 నుండి 28.6 శాతానికి దిగింది. తగ్గుదల మంచిదే. అయినా ఆ రాష్ట్రంలో పదిమందిలో దాదాపు నలుగురు పొగాకు వాడుతున్నట్లు రెండవ సర్వే తేల్చింది.

రెండవ కారణం కర్మాగారంలోనే ఉంది. పొగ తాగితే రక్తంలో జరిగేదేమిటో ఉక్కు కార్మికునికి చెప్పడం సులభం. ఎందుకో తరువాతి భాగంలో చూడండి.

14.2 పొగలో ఏముంది?

కాలుతున్న పొగాకు నుండి వచ్చే పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కలిగించేవి. అన్నిటినీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. మూడింటిని బాగా అర్థం చేసుకుంటే చాలు.

(అ) నికోటిన్: ఇది అలవాటుకు మూలం. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడును చేరుతుంది. కొద్దిసేపు హాయిగా, చురుకుగా అనిపిస్తుంది. ఆ ప్రభావం తగ్గగానే చిరాకు, అశాంతి మొదలవుతాయి. మళ్ళీ ఒకటి వెలిగిస్తే అవి తగ్గుతాయి. "సిగరెట్టు తాగితే మనసు కుదుటపడుతుంది" అని చాలామంది అంటారు. నిజానికి అంతకు ముందు తాగిన సిగరెట్టు తెచ్చిన అశాంతినే ఈ సిగరెట్టు తాత్కాలికంగా తగ్గిస్తున్నది.

(ఆ) తారు: ఇది జిగటగా ఉండే గోధుమరంగు పదార్థం. ఊపిరితిత్తుల లోపలి గోడలకు అంటుకుంటుంది. క్యాన్సర్ కారకాలలో చాలా భాగం ఇందులోనే ఉంటాయి. వాటిలో బెంజోపైరీన్ ఒకటి. బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ల నుండి వెలువడే పొగలోనూ ఇదే పదార్థం ఉంటుంది. కోక్ ఓవెన్ల మీద పనిచేసేవారికి ముఖానికి మాస్కు ఇచ్చేది ఇటువంటి వాటి నుండి కాపాడడానికే. డ్యూటీలో మాస్కు పెట్టుకుని, డ్యూటీ దిగాక బీడీ వెలిగిస్తే ఆ జాగ్రత్తకు అర్థం ఏముంటుంది?

(ఇ) కార్బన్ మోనాక్సైడ్: రంగు లేదు, వాసన లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుండి వచ్చే వాయువులో సుమారు ఐదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు ఇదే ఉంటుంది. ఇదెంత ప్రాణాంతకమో భిలాయి కార్మికులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 జూన్‌లో అక్కడి కర్మాగారంలో వాయువు లీకైన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు.

ఇప్పుడు ఈ వాయువు పనిచేసే తీరు చూద్దాం. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకుని వెళ్ళి శరీరమంతా అందిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా హీమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుంటుంది. అది చేరిన చోట ఆక్సిజన్‌కు స్థలం ఉండదు. లీకైన గ్యాసు పెద్ద మోతాదులో చేసే పనినే సిగరెట్టు చిన్న మోతాదులో, రోజూ, సంవత్సరాల తరబడి చేస్తుంది. పొగ తాగేవారి రక్తంలో సాధారణంగా 3 నుండి 8 శాతం హీమోగ్లోబిన్ ఇలా కార్బన్ మోనాక్సైడ్‌తో బిగుసుకుని ఉంటుంది. పొగ తాగనివారిలో ఇది 2 శాతానికి మించదు. కాబట్టి వాయువు లీకయ్యే అవకాశమున్న చోట పనిచేసే ధూమపాని అప్పటికే కొంత విషాన్ని రక్తంలో మోసుకుని డ్యూటీకి వెళుతున్నాడని గుర్తించండి.

పాఠగత ప్రశ్నలు 14.1
ఖాళీలను పూరించండి.
1. పొగాకుకు బానిసను చేసే పదార్థం ________.
2. ________ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే బలంగా అంటిపెట్టుకుంటుంది.
3. పొగాకు తారులోను, కోక్ ఓవెన్ల పొగలోను ఉండే క్యాన్సర్ కారకం ________.

14.3 శరీరానికి జరిగే హాని

పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు గట్టి ఆధారాలతో చూపారు. ఆ తరువాత వారు వేలాదిమంది వైద్యుల ఆరోగ్యాన్ని దశాబ్దాలపాటు గమనించే అధ్యయనం ప్రారంభించారు. 50 సంవత్సరాల ఫలితాలు 2004లో వెలువడ్డాయి. జీవితమంతా సిగరెట్లు తాగినవారు తాగనివారికంటే సగటున 10 సంవత్సరాలు ముందుగా చనిపోతున్నారని తేలింది. అమెరికా సర్జన్ జనరల్ 1964లో ప్రకటించిన నివేదికతో ఈ విషయం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది.

పొగ వల్ల ఊపిరితిత్తులకు మాత్రమే హాని అనుకోవడం పొరపాటు. రక్తనాళాలు గట్టిపడి, సన్నబడి గుండెపోటు, పక్షవాతం వస్తాయి. కాళ్ళలోని రక్తనాళాలు మూసుకుపోతే వేళ్ళు, పాదం తీసివేయవలసి రావచ్చు. ఊపిరితిత్తులలోని గాలి గదులు పాడైతే నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసం వస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, మూత్రాశయం మొదలైన అవయవాలకు క్యాన్సర్ రావచ్చు. గర్భిణి పొగ తాగితే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది.

మనదేశానికి సంబంధించి మరో సంగతి ముఖ్యం. అది క్షయ. పొగ తాగేవారికి క్షయ సోకే అవకాశం, సోకితే దానితో చనిపోయే అవకాశం కూడా ఎక్కువ. 2008లో ప్రచురితమైన ఒక పెద్ద భారతీయ అధ్యయనం పొగ తాగే మగవారి మరణాలకు ముఖ్య కారణాలలో క్షయను కూడా చూపింది. ధనిక దేశాల పుస్తకాలలో పొగాకు అనగానే క్యాన్సర్, గుండెజబ్బు కనిపిస్తాయి. మన పుస్తకంలో క్షయను కూడా చేర్చుకోవాలి.

14.4 బీడీ, చుట్ట, గుడాఖు తేలికైనవా?

"నేను సిగరెట్టు తాగను, బీడీయేగా! అందులో ఉన్నది ఆకేగా!" అనే మాట మీరు వినే ఉంటారు. బీడీ చుట్టే ఆకు తునికాకు. హిందీలో దానినే తెందూ పత్తా అంటారు. ఛత్తీస్‌గఢ్ అడవులు ఈ ఆకుకు ప్రసిద్ధి. ఎండాకాలంలో ఆదివాసీ కుటుంబాలు ఆకు కోసి, కట్టలు కట్టి అమ్ముతాయి. ఆకు సహజమైనదే. కాని అందులో చుట్టింది పొగాకు. పైగా తునికాకుకు కాగితంలా సన్నని రంధ్రాలుండవు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, తరచుగా పీల్చాలి. అందువల్ల పొగాకు తక్కువే అయినా పొగ లోతుగా వెళుతుంది.

పైన చెప్పిన 2008 అధ్యయనం ప్రకారం బీడీ తాగే మగవారు సగటున 6 సంవత్సరాలు, బీడీ తాగే ఆడవారు 8 సంవత్సరాలు, సిగరెట్టు తాగే మగవారు 10 సంవత్సరాలు ఆయుష్షు కోల్పోతున్నారు. రోజుకు ఏడు బీడీలలోపు తాగినా మరణించే ప్రమాదం నాలుగవ వంతు పెరుగుతున్నది. అంటే "కొద్దిగా తాగితే ఫరవాలేదు" అనే హద్దు ఏదీ లేదు.

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో కొందరు, ముఖ్యంగా ఆడవారు, చుట్ట మండే కొసను నోటి లోపల ఉంచుకుని తాగుతారు. దీనిని అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతింటుంది. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ అలవాటు ఉన్నచోట ఎక్కువగా కనిపించడాన్ని వైద్యులు ఎన్నో దశాబ్దాల క్రితమే గుర్తించారు.

ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు వాడకం ఎక్కువ. పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసిన ముద్ద అది. దానితో పళ్ళు తోముకుంటారు. చాలామంది ఆడవారు, పిల్లలు దీనిని పళ్ళపొడిలాగా భావిస్తారు. కాని చిగుళ్ళ ద్వారా నికోటిన్ రక్తంలోకి చేరుతుంది. అందుకే ఉదయం గుడాఖు లేకపోతే తలనొప్పి, చిరాకు వస్తాయి. ఖైనీ, గుట్కా, జర్దా కూడా ఇటువంటివే. వీటికి పొగ లేదు. నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం ఉంది.

14.5 పక్కవారి పొగ

పొగ తాగేవారు పీల్చి వదిలే పొగ, సిగరెట్టు కొస నుండి లేచే పొగ కలిసి గదిలో నిలుస్తాయి. దానిని పీల్చే భార్యకు, పిల్లలకు కూడా హాని జరుగుతుంది. పెద్దవారిలో గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పిల్లలకు ఉబ్బసం, న్యుమోనియా, చెవిపోటు ఎక్కువగా వస్తాయి. రెండు గదుల క్వార్టరులో కిటికీ తెరిచి తాగినంత మాత్రాన పొగ పూర్తిగా బయటికి పోదు. "నా డబ్బు, నా ఆరోగ్యం, నా ఇష్టం" అనే వాదన ఇక్కడే ఆగిపోతుంది. ఇతరుల ఊపిరికి సంబంధించిన విషయం కాబట్టే ప్రభుత్వం చట్టం చేయవలసి వచ్చింది.

పాఠగత ప్రశ్నలు 14.2
ఒప్పో తప్పో గుర్తించండి.
1. రోజుకు ఐదారు బీడీలు తాగితే ప్రమాదమేమీ లేదు.
2. గుడాఖు ద్వారా నికోటిన్ రక్తంలోకి చేరుతుంది.
3. పొగ తాగేవారికి క్షయ ముప్పు ఎక్కువ.

14.6 చట్టం దాకా వచ్చిన దారి

మనదేశంలో మొదటి అడుగు 1975లో పడింది. ఆ సంవత్సరం చేసిన చట్టం ప్రకారం సిగరెట్టు పెట్టెల మీద ఆరోగ్యానికి హానికరమనే హెచ్చరిక అచ్చువేయాలి. కాని అది సిగరెట్లకే పరిమితం. బీడీ, ఖైనీ, గుట్కా దాని పరిధిలోకి రాలేదు. పైగా హెచ్చరిక చిన్న అక్షరాలలో ఉండేది. చదువురాని వారికి దానితో ప్రయోజనం లేదు.

1999లో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాలలో పొగ తాగడాన్ని నిషేధించాలని తీర్పు చెప్పింది. పొగ తాగనివారిని బలవంతంగా పొగ పీల్చేలా చేయడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని కోర్టు భావించింది. 2001 నవంబరులో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, బస్సులు, రైళ్ళు మొదలైన చోట్ల పొగ తాగడాన్ని దేశమంతటా నిషేధించింది.

2003లో పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని ఆమోదించింది. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒప్పందం తయారైంది. భారతదేశం 2004 ఫిబ్రవరిలో దానిని ధ్రువీకరించింది.

14.7 చట్టం ఏమంటున్నది?

2003 చట్టంలోని ముఖ్యాంశాలు ఇవి.

1. బహిరంగ స్థలాలలో పొగ తాగరాదు. కార్యాలయం, ఫ్యాక్టరీ షెడ్డు, క్యాంటీను, సినిమాహాలు, ఆసుపత్రి, రైల్వే వెయిటింగ్ రూము అన్నీ దీని కిందికి వస్తాయి. 2008 అక్టోబరు 2 నుండి దీనికి స్పష్టమైన నియమాలు అమలులోకి వచ్చాయి. ఉల్లంఘిస్తే 200 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఆ స్థలానికి బాధ్యుడైన వ్యక్తి హెచ్చరిక బోర్డు పెట్టాలి. బూడిద గిన్నెలు, అగ్గిపెట్టెలు అందుబాటులో ఉంచరాదు.
2. పొగాకు ఉత్పత్తుల ప్రకటనలు నిషిద్ధం.
3. 18 సంవత్సరాలు నిండనివారికి అమ్మరాదు. వారిచేత అమ్మించరాదు.
4. విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మరాదు.
5. ప్రతి పెట్టె మీద హెచ్చరిక ఉండాలి. 2009 మే 31 నుండి బొమ్మలతో కూడిన హెచ్చరికలు వచ్చాయి. 2016 ఏప్రిల్ నుండి పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర అవి ఉండాలి.

మూడవ అంశాన్ని కొంచెం ఆలోచించండి. "బడ్డీకి వెళ్ళి ఒక బీడీ కట్ట పట్రా" అని తండ్రి పన్నెండేళ్ళ కొడుకును పంపడం మన ఇళ్ళలో మామూలు విషయం. ఆ పిల్లవానికి కట్ట అమ్మిన దుకాణదారు చట్టాన్ని మీరినట్లే. పిల్లలకు పొగాకు ఇవ్వడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇంకా పెద్ద నేరం. దానికి ఏడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చట్టం సంగతి అటుంచినా, పంపిన ప్రతిసారీ పిల్లవానికి బీడీ ఇంటి సరుకులలో ఒకటిగా అలవాటవుతుంది.

ఐదవ అంశంలోనూ ఒక చిక్కు ఉంది. చాలామంది పెట్టె కొనరు, విడిగా ఒక్కొక్కటి కొంటారు. అప్పుడు హెచ్చరిక బొమ్మ దుకాణదారు చేతిలోనే ఉండిపోతుంది.

ఈ చట్టంతోపాటు మరికొన్ని చర్యలు కూడా వచ్చాయి. ఆహార భద్రతా నియమాల ఆధారంగా 2012లో మొదట మధ్యప్రదేశ్, తరువాత అనేక రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, అమ్మకం, ప్రకటనలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం వచ్చింది.

14.8 పన్ను, బతుకుతెరువు

ధర పెరిగితే వాడకం తగ్గుతుందని అనేక దేశాల అనుభవం. ముఖ్యంగా చేతిలో డబ్బు తక్కువగా ఉండే యువకులు, పేదవారు త్వరగా తగ్గిస్తారు. పొగాకు ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మనదేశంలో సిగరెట్టు మీద పన్ను ఎక్కువగా, బీడీ మీద చాలా తక్కువగా ఉంటూ వచ్చింది. పేదవాని వస్తువు అనే దయతో బీడీని చౌకగా ఉంచితే, జబ్బు కూడా పేదవానికే ఎక్కువగా వస్తుంది.

అయితే రెండవ వైపు కూడా చూడాలి. నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతాలలో వేలాది స్త్రీలు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. ప్రకాశం, గుంటూరు, నెల్లూరు ప్రాంతాల రైతులు పొగాకు పండిస్తున్నారు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలకు తునికాకు ఎండాకాలపు ఆదాయం. వీరందరినీ దోషులుగా చూడడం న్యాయం కాదు. రోజంతా పొగాకు ధూళి పీల్చే బీడీ కార్మికురాలికి దగ్గు, ఆయాసం, నడుమునొప్పి తప్పడం లేదు. అంటే ఆమె కూడా పొగాకు బాధితురాలే. అంతర్జాతీయ ఒప్పందంలోని 17వ అధికరణం ఇటువంటివారికి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపాలని చెబుతున్నది. వాడకం తగ్గించడం, బతుకుతెరువు చూపడం రెండూ కలిసి సాగితేనే విధానం నిలుస్తుంది.

14.9 మానడం ఎలా?

"ఇన్నేళ్ళు తాగాను, ఇప్పుడు మానితే ఏం లాభం?" అని అడిగేవారికి బ్రిటన్ వైద్యుల అధ్యయనమే జవాబు చెబుతుంది. 30 ఏళ్ళ వయసులో మానినవారు కోల్పోయే 10 సంవత్సరాలనూ దాదాపు పూర్తిగా తిరిగి పొందారు. 40లో మానితే 9, 50లో మానితే 6, 60లో మానితే 3 సంవత్సరాలు దక్కాయి. రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజులలోనే మామూలు స్థాయికి దిగుతుంది. సంవత్సరం గడిచేసరికి పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది.

మానాలనుకునేవారు ఈ క్రింది పద్ధతి అనుసరించవచ్చు.

• ఒక తేదీ నిర్ణయించుకుని ఇంట్లోవారికి, తోటి కార్మికులకు చెప్పండి.
• ఏయే సమయాలలో తాగుతున్నారో వారం రోజులు రాసుకోండి. టీతోనా, భోజనం తరువాతనా, రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికా? ఆ సమయానికి మరో పని ముందుగానే ఆలోచించి పెట్టుకోండి.
• కోరిక పుట్టినపుడు కొద్ది నిమిషాలు ఆగండి. నీళ్ళు తాగండి, నాలుగడుగులు నడవండి. కోరిక ఎక్కువసేపు నిలవదు.
• మొదటి వారం కష్టం. చిరాకు, నిద్రలేమి, ఆకలి ఉంటాయి. మూడు నాలుగు వారాలలో తగ్గుతాయి.
• అవసరమైతే వైద్యుని సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ లేదా మందులు వాడండి. పొగాకు మానేవారి కోసం ప్రభుత్వం 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు ఏర్పాటు చేసింది. 2018 సెప్టెంబరు నుండి పొగాకు పెట్టెల మీద దానిని అచ్చువేస్తున్నారు.
• ఒకసారి జారితే ప్రయత్నం పోయిందనుకోకండి. మానినవారిలో చాలామంది రెండు మూడు ప్రయత్నాల తరువాతే గెలిచారు.

ఇంట్లోవారు నిందించడం కంటే తోడుగా ఉండడం మేలు. నికోటిన్ బానిసత్వం ఒక జబ్బు వంటిదని గుర్తుంచుకోండి.

చేసి చూడండి

మీ ఇంట్లో లేదా ఇరుగుపొరుగులో పొగ తాగే ఒకరి అనుమతితో వారి రోజువారీ ఖర్చు రాయండి. దానిని 30తో, వచ్చినదానిని 12తో గుణించండి. ఆ మొత్తంతో ఏడాదికి పిల్లల చదువుకు ఏమేమి కొనవచ్చో జాబితా తయారుచేసి వారికే చూపండి.

మీరు ఏమి నేర్చుకున్నారు?

• నికోటిన్ అలవాటు చేస్తుంది. తారు క్యాన్సర్ తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది.
• బీడీ, చుట్ట, గుడాఖు ఏవీ సురక్షితం కావు.
• 1975 చట్టం సిగరెట్లకే పరిమితం కాగా, 2003 చట్టం అన్ని పొగాకు ఉత్పత్తులకూ వర్తిస్తుంది.
• పన్ను, హెచ్చరిక, నిషేధాలతోపాటు పొగాకుపై ఆధారపడినవారికి వేరే ఉపాధి అవసరం.
• ఏ వయసులో మానినా లాభమే. ముందుగా మానితే లాభం ఎక్కువ.

పాఠాంత ప్రశ్నలు

1. వాయువు లీకయ్యే అవకాశమున్న చోట పనిచేసే కార్మికుడు పొగ తాగితే ప్రమాదం ఎందుకు ఎక్కువ?
2. బీడీ మీద పన్ను పెంచాలా? అనుకూలంగా, ప్రతికూలంగా రెండేసి కారణాలు రాసి, మీ అభిప్రాయం తెలపండి.
3. మీ ఊరిలోని పాఠశాల చుట్టూ 100 గజాల లోపు ఉన్న దుకాణాలను పరిశీలించి, చట్టం ఎంతవరకు అమలవుతున్నదో పది వాక్యాలలో రాయండి.

పాఠగత ప్రశ్నల జవాబులు

14.1: 1. నికోటిన్ 2. కార్బన్ మోనాక్సైడ్ 3. బెంజోపైరీన్
14.2: 1. తప్పు 2. ఒప్పు 3. ఒప్పు